పడమటి కిటికీ

రేకుల షెడ్డు అంటే ఏమిటో ఎండాకాలం మధ్యాహ్నం పూట అందులో కూర్చున్నవాడికే తెలుస్తుంది. గుమ్మంలో నిలబడి ఫొటోలు తీసుకునేవాళ్లకు తెలియదు. ఆదివారం వచ్చిందంటే హైదరాబాదు నుంచి పోచంపల్లికి కార్లేసుకొని వచ్చే జనం ఐలేశం షెడ్డులోకి తొంగిచూసి, మగ్గం మీద చీరను చూసి, ఎంత బాగుందో అని, ఆ మాట పూర్తి కాకముందే మెడలు తుడుచుకుంటూ బయటపడతారు. వాళ్లు పోయాక ఐలేశం దారం మోసే నాడెను ఒకసారి గట్టిగా విసిరి, బాగుంటుంది, ఎందుకు బాగుండదు అనుకుంటాడు.

ఐలేశానికి యాభై దాటాయి. ఆరో తరగతి సగంలో ఉండగా తండ్రి బడికి వచ్చి, సారుకు దండం పెట్టి, కొడుకును వెంటబెట్టుకొని పోయి గుంట మగ్గంలో కూర్చోబెట్టాడు. ఇంట్లో ఇద్దరు కొడుకులు. ఇద్దరూ చదివితే మగ్గం ఎవరు నేస్తారు, ఇద్దరూ నేస్తే ఇల్లు ఎప్పుడు బాగుపడుతుంది అన్నది ఆ తండ్రి ఆలోచన. చిన్నవాడు వెంకన్న డిగ్రీ దాకా పోయి, ఇప్పుడు చౌటుప్పల్ పక్కన ఒక మందుల కంపెనీలో కుర్చీలో కూర్చునే పని చేస్తున్నాడు. పెద్దవాడు కూర్చున్న చోటనే ఉన్నాడు. ఎవరైనా అడిగితే, మా తమ్ముడు పైకొచ్చిండు, నేను గుంటల ఉన్న అని చెబుతాడు. నవ్వుతూ చెప్పినట్టే ఉంటుంది గానీ విన్నవాడికి నవ్వు రాదు.

అయితే ఆ షెడ్డు వేడి ఐలేశాన్ని ఏమీ చేయలేదు. అది చేసింది శ్యామలమ్మను.

శ్యామలమ్మ ఐలేశం భార్య. ఆసు పోయడం ఆమె పని. ఆసు అంటే చీలలు కొట్టిన వంపు చట్రం. దారాన్ని నడిమి కొయ్య నుంచి ఒక్కొక్క చీల మీదికి, అక్కడి నుంచి మళ్లీ నడిమికి, చెయ్యి ఆపకుండా తిప్పుతూ పోవాలి. అలా పోస్తేనే చీర పేక మీద డిజైన్ కట్టడానికి వీలవుతుంది. ఒక్క చీరకు ఆ చెయ్యి ఎన్ని వేలసార్లు తిరుగుతుందో లెక్కపెట్టిన ఆడమనిషి లేదు. పోయిన ఏడాది మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఆ చెయ్యి గాలిలో ఆగిపోయింది. ఐలేశం తలెత్తి చూసేసరికి మనిషి పక్కకు ఒరిగింది.

దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది ఐలేశానికి బాగా గుర్తుంది. ఎండదెబ్బ ఒకసారి గట్టిగా తగిలిన మనిషికి రెండోసారి తొందరగా తగులుతుందని, ఇంకోసారి పడితే లేస్తుందన్న భరోసా తాను ఇవ్వలేనని, ఎండాకాలం ఆమెను ఆ షెడ్డులో కూర్చోనియ్యొద్దని. ఐలేశం సరే అన్నాడు. శ్యామలమ్మ మాత్రం ఇంటికొచ్చిన వారానికే ఆసు ముందు కూర్చుంది.

"నేను కూసోకుంటే పేక ఎవలు పోస్తరు? ఉత్త పడుగుతోని నేస్తవా?" అని అడిగింది.

ఆసును ఇంట్లోకి మారుద్దామంటే ఉన్న ఒక్క గదిలో మంచం వేస్తే మనిషి తిరగడానికే జాగా ఉండదు. ఆమె చెయ్యి ఆగితే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగినవాళ్లు ఏమవుతున్నారో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇద్దరు అప్పటికే హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల గేట్ల కాడ స్టూలు మీద కూర్చున్నారు. ఆ సంవత్సరం వానలు పడి గండం గడిచింది. మళ్లీ ఎండాకాలం ఎప్పుడొస్తుందోనని ఐలేశం నెలలు లెక్కపెట్టుకునేవాడు.

ఈ సంవత్సరం ఉగాది దాటిన వారానికి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. నల్గొండలో డిగ్రీ చదువుతున్న కూతురు స్నేహలత పంపించిన మనిషి అందులోంచి దిగాడు. పేరు గోపాల్. షాద్‌నగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో పనిచేస్తాడు. ఆ కార్ఖానావాళ్లు, స్నేహలత కాలేజీలో సైన్సు చెప్పే సార్లు కలిసి రేకుల కప్పు కింద వేడి తగ్గించే పలకలు తయారుచేశారట. కొన్ని మగ్గం షెడ్లలో బిగించి చూద్దామనుకుంటే స్నేహలత తన తండ్రి షెడ్డు పేరు ముందు పెట్టింది.

ట్రాలీ నిండా ప్లాస్టిక్ పలకలే. ఒక్కొక్కటి తలగడ వెడల్పు, రెండు వేళ్ల మందం. ఐలేశం ఒకటి ఎత్తి చూశాడు, బరువుగా ఉంది. లోపల తెల్లగా ఉప్పు గడ్డ కట్టినట్టు ఏదో ఉంది. కరెంటు తీగ లేదు, ఫ్యాను లేదు, మోటారు లేదు. ఇదేం సంబడం అన్నట్టు చూస్తే గోపాల్ ఓపిగ్గా చెప్పాడు. చలికాలం కొబ్బరినూనె సీసాలో గడ్డ కడుతుంది, ఎండ తగిలితే కరుగుతుంది. ఇదీ అంతే. కాకపోతే ఇది ముప్పై డిగ్రీల దగ్గర కరిగేటట్టు చేసిన ఉప్పు. రేకుల నుంచి దిగే వేడి మనిషి మీదికి రాకుండా ఇది తాగేస్తుంది. తాగుతూ కరుగుతుంది. పూర్తిగా కరిగేదాకా షెడ్డు వేడెక్కదు.

రెండు రోజులు కూర్చుని రేకుల కింద పట్టీలు కొట్టి పలకలన్నీ బిగించాడు. పోయేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, పొద్దున ఎండ రాగానే తలుపులు మూయాలని, రాత్రి పూట మాత్రం కిటికీలు బార్లా తెరిచి పెట్టాలని చెప్పాడు. ఐలేశం తల ఊపాడు. అతని ధ్యాస అంతా ఆ బరువు పట్టీలు ఊడి మగ్గం మీది పట్టు పడుగు మీద పడితే ఎట్లా అన్నదాని మీదే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం పైన రేకులు ఎండకు టక్కుటక్కుమంటున్నాయి. ఐలేశం చెమట తుడుచుకుందామని అలవాటు కొద్దీ తువ్వాల అందుకున్నాడు. తుడుచుకోవడానికి చెమట లేదు. ఆసు వైపు చూశాడు. శ్యామలమ్మ చెయ్యి చక్కగా తిరుగుతోంది. ఎదురింటి గుర్వమ్మ సంగతి తెలిసి కర్ర పొడుచుకుంటూ వచ్చి, లోపల చతికిలబడి, మళ్లీ లేవనంది.

"ఏసీ పెట్టిచ్చినవారా ఐలేశం? తమ్మునికి పోటీనా?"

"కరెంటే లేదు పెద్దమ్మా. ఉప్పు."

"ఉప్పు సల్లగుంటదా? మరి నేను ఇన్నేండ్ల సంది కూరలనే ఏస్తున్న గదరా."

ఆ సాయంత్రం ఐలేశం చేసిన పని ఆ వీధిలో ఎవరైనా చేసేదే. ఇంత చల్లదనం చేతికొచ్చాక దాన్ని పోనిస్తామా? తలుపు వేసి గడియ పెట్టాడు. వీధి కిటికీ మూశాడు. సందుల్లో పాత గోనెపట్టాలు కుక్కాడు. ఫ్రిజ్జు తలుపు తెరిచిపెట్టి పడుకునేవాడెవడూ ఉండడు కదా. పైగా ఎలుకల భయం ఒకటి. గంజి వాసనకు ఎలుక వచ్చి ఒక రాత్రి పడుగులో తిరిగిందంటే నెల పని నాశనం. గోపాల్ చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. షాద్‌నగర్ పిలగానికి ఎలుకల సంగతి ఏం తెలుసు అనుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నందాకా బాగుంది, తర్వాత తువ్వాలతో పని పడింది. మూడో రోజు పొద్దెక్కగానే చెమట మొదలైంది. నాలుగో రోజుకు షెడ్డు ఎప్పటిలాగే కుంపటి. ఐలేశం ఇంకా ఎక్కువ గోనెలు కుక్కాడు. ఐదో రోజు గోపాల్‌కు ఫోన్ చేసి, చదువుకున్నోళ్లంతా కలిసి తన నెత్తి మీద ఉప్పు మూటలు కట్టి పోయారని, వచ్చి విప్పుకొని పొమ్మని, ఇంకా చాలా అన్నాడు. గోపాల్ అన్నీ విని, రేపొస్త కాక అని పెట్టేశాడు.

వచ్చినవాడు వస్తూనే స్టూలెక్కి ఒక పలక విప్పి, చెవి దగ్గర పెట్టుకొని ఊపాడు. లోపల నీళ్లు కదిలినట్టు చప్పుడైంది. దిగి, సందుల్లో కుక్కిన గోనెల వైపు చూశాడు.

"రాత్రి కిటికీలు తెర్సినవా కాక?"

"తెరిస్తే సల్లదనం బయటికి పోదా?"

గోపాల్ గడప మీద కూర్చున్నాడు. నవ్వు ఆపుకున్నట్టు తెలుస్తూనే ఉంది.

"దీంట్ల సల్లదనం లేదు కాక. ఇది పొద్దంత ఎండను తింటది, తిని కరుగుతది. రాత్రి గాలి తగిలితే తిన్నదంత కక్కి మల్ల గడ్డ కడ్తది. నువ్వు కక్కనియ్యకుంట మూతి కట్టేసినవు. నిండు కడుపు మీద మల్ల తినుమంటే ఏం తింటది?"

ఆసు ముందు నుంచి శ్యామలమ్మ అందుకుంది. "మా ఆయన లెక్కనే ఉన్నయి పిల్లగా నీ పలకలు. మింగుడే గని కక్కుడు లేదు."

ఐలేశానికి కోపం రావాలి. రాలేదు. చేసిన తెలివితక్కువ పని కళ్ల ముందే ఊగుతుంటే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక గోనెపట్టాలు పీకడం మొదలుపెట్టాడు. ఎలుకల సంగతి చెబితే గోపాల్ బజారుకు పోయి సన్నని జాలీ తెచ్చి వీధి కిటికీకి బిగించి, రాత్రి తలుపుకు అడ్డంగా పెట్టడానికి ఒక జాలీ చట్రం కట్టాడు.

మూడు రాత్రులు తలుపు, వీధి కిటికీ తెరిచిపెట్టారు. తలుపు పక్కనున్న ఒక వరస పలకలు మాత్రం గట్టిపడ్డాయి. మిగిలినవి లోపల నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. గోపాల్ మళ్లీ వచ్చి, షెడ్డు నడుమ నిలబడి నాలుగు దిక్కులూ చూశాడు. ఎండాకాలం రాత్రి గాలి వచ్చేది పడమటి నుంచి. పడమటి గోడకు కిటికీ ఉంది, పెద్దదే. మూసి, దాని రెక్కలను చుట్టూ పెద్ద పెద్ద మేకులతో చట్రానికి కొట్టేసి ఉంది. మేకుల చుట్టూ తుప్పు కారి చారలు కట్టింది.

"ఇది తెరిస్తే అయిపాయె గద కాక."

ఐలేశం మగ్గంలోకి దిగి నాడె అందుకున్నాడు. శ్యామలమ్మే చెప్పింది. "గా కిటికీ తెర్సుకోదు బిడ్డా."

ఆ కిటికీ అవతల ఉన్నది వెంకన్న వాకిలి. తొమ్మిదేళ్ల కింద తండ్రి పోయాక ఇల్లు పంచుకున్నారు. షెడ్డు ఐలేశానికి, పడమటి వాకిలి వెంకన్నకు వచ్చాయి. పంపకం దగ్గర ఏ గొడవా లేదు. గొడవంతా పంపకమైన నెలకు, ఒక మాట మీద వచ్చింది. వెంకన్న భార్య నర్సింగమ్మ ఎవరితోనో, వాళ్లకు కిటికీలకెల్లి మా గిన్నెలల్లకు చూసుడే పని అన్నదట. ఆ మాట ఐలేశం చెవిన పడింది. మగ్గంలో తల వంచుకొని కూర్చునేవాడికి పక్కింటి గిన్నెలు ఎక్కడ కనబడతాయి? తమ్ముడి చదువు కోసం తన చదువు మానుకున్నవాడిని పట్టుకొని గిన్నెల్లోకి చూస్తున్నాడంటారా? ఆ సాయంత్రమే తండ్రి వాడిన సుత్తె తీసుకొని, వీధంతా వినబడేటట్టు, ఆ కిటికీకి మేకులు కొట్టాడు. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటలు లేవు. ఆ మేకులు చూసుకున్నప్పుడల్లా ఐలేశానికి, కనీసం ఈ పని నేనే చేశాను అన్న తృప్తి ఒకటి ఉండేది.

గోపాల్ వీధి వైపు ప్రహరీ మీది నుంచి అవతలికి తొంగిచూసి వచ్చాడు. ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

"అవుతల ఏసీ డబ్బా బిగిచ్చిన్రు కాక. వేడి గాలంత సక్కగ ఈ కిటికీ మీదికే ఊదుతాంది. డబ్బాను అవుతలి గోడకు మారిస్తేనే కిటికీ తెర్సి ఫాయిద. మీ తమ్ముడే గద, ఒక్క మాట చెప్పరాదు."

"నువ్వు పలకలు చూసుకో పిలగా," అన్నాడు ఐలేశం.

వెంకన్న ఇంట్లోకి ఏసీ రెండేళ్ల కింద వచ్చింది. ఆ సంగతి ఐలేశానికి తెలియనిది కాదు. ఆ ఇల్లు చల్లబడడానికి తీసి పారేసిన వేడి తన గోడకే తగులుతోందని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, చదువు వాడికి, ఉడక నాకు అన్నాడు. శ్యామలమ్మ మజ్జిగ పోసింది.

ఆ తర్వాత ఐలేశం చేయని ప్రయత్నం లేదు. టేబుల్ ఫ్యాను వీధి కిటికీలో పెట్టి రాత్రంతా తిప్పాడు. రేకుల మీద తడి గోనెలు పరిచాడు. తలుపు పక్క గోడకు ఇటుకలు తీసి బొక్క పెట్టాడు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వరస పలకలు కాస్త గట్టిపడేవి, మధ్యాహ్నం ఒక గంట ఎక్కువ గడిచేది, తర్వాత మళ్లీ కుంపటే. స్నేహలత ఫోన్ చేసి, బాబాయితో నేను మాట్లాడుతానంది. వద్దన్నాడు. శ్యామలమ్మ, నేను పోయి నర్సింగమ్మను అడుగుతానంది. అడిగితే ఆ పూట అన్నం తిననన్నాడు. నిన్ను షెడ్డులో కూర్చోవద్దంటున్నాను, కూర్చోవద్దు అని కూడా అన్నాడు. ఆమె విని, తలకు తడిబట్ట చుట్టుకొని, ఆసు ముందుకు పోయింది.

ఏప్రిల్ చివర ఒక మధ్యాహ్నం ఐలేశం పోగు తెగితే ముడి వేస్తున్నాడు. ఆసు చప్పుడు ఆగింది. తలెత్తాడు. శ్యామలమ్మ చెయ్యి చీల దగ్గరికి పోయి అక్కడే నిలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూస్తున్నట్టు లేవు. ఐలేశం గుంటలోంచి లేవబోయాడు. ఈలోగా ఆ చెయ్యి కదిలింది. ఆమె పక్కనున్న చెంబెత్తి నీళ్లు తాగి, మళ్లీ దారం పట్టుకుంది. అతను చూశాడని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునని అతనికీ తెలుసు. ఆ పూట అతను నేసిన జానెడు గుడ్డలో డిజైన్ ఒక పక్కకు జారింది, మళ్లీ ఊడదీయాల్సి వచ్చింది.

మర్నాడు కొత్త పడుగు వీధిలోకి తీసే రోజు.

రంగులద్దిన పడుగును మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడవునా సాగదీస్తారు. ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు పట్టుకొని నిలబడితే, మధ్యలో నలుగురు నిలబడి, పోగు పోగు సరిచేసి, డిజైన్ చెదరకుండా చూసుకుంటారు. ఈ పనికి ఆ వీధిలో పిలుపు ఉండదు. పడుగు వీధిలోకి వచ్చిందంటే చూసినవాడు చేతిలో పని వదిలి వచ్చి పట్టుకుంటాడు. మాటలు లేనివాడూ వస్తాడు. రాకపోతే వీధిలో మనిషి కింద లెక్కలోకి రాడు. మగ్గం మానేసి ఇన్నేళ్లయినా వెంకన్న, తాను ఇంట్లో ఉన్న పూట అన్న పడుగు వీధిలో కనబడితే వస్తాడు. వచ్చి ఎప్పుడూ ఆ చివరి కొసన నిలబడతాడు. తొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరి మధ్య మాట అంటూ ఉంటే అది ఆ పడుగే. ఐలేశం కొంచెం గుంజితే వెంకన్న వదులు చేస్తాడు, రెండుసార్లు గుంజితే బిగిస్తాడు. పని కాగానే చేతులు దులుపుకొని ఎవరింట్లోకి వాళ్లు.

ఆ పొద్దున కూడా వెంకన్న లుంగీ ఎగ్గట్టుకొని వచ్చి ఆ కొసన నిలబడ్డాడు. మధ్యలో గుర్వమ్మ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు పోగులు దువ్వుతున్నారు. శ్యామలమ్మ కూడా అందులో ఉండాలి. తల తిరుగుతోందని అరుగు మీద కూర్చుంది. తల తిరుగుతోందని ఆమె ఎప్పుడూ అనదు.

ఐలేశం పడుగు కొసను పిడికిట్లో పట్టుకొని అరుగు వైపు చూశాడు. తర్వాత పడుగు వెంబడి చూపు పోనిచ్చాడు. ఆ చివరి దాకా ఎర్రటి, నల్లటి పోగులు. ఆ పోగుల కొసన తమ్ముడు. అంత దూరం నుంచి మెల్లగా చెప్పడానికి వీల్లేదు. చెబితే వీధంతా వింటుంది. పడుగు వదిలి దగ్గరికి పోయి చెప్పడానికీ వీల్లేదు, పోగులు చిక్కుపడతాయి. అతను గొంతు సవరించుకున్నాడు.

"ఎంకన్నా."

ఆ పేరు అంత కాలం నోట్లోకి రాకపోవడం వల్లనో ఏమో, గట్టిగా, కొత్తగా వచ్చింది. మధ్యలో దువ్వుతున్న చేతులు ఆగాయి.

"నీ ఏసీ డబ్బా నా కిటికీ మీదికి ఊదుతాంది. జర అవుతలి గోడకు మార్పిచ్చుకో."

వెంకన్న పడుగు కొసను పిడికిలి మార్చి పట్టుకున్నాడు. అతని గొంతు కూడా అంతే గట్టిగా వచ్చింది.

"కిటికీ మూసే ఉంది గద."

"తెరుస్త."

"ఇన్నొద్దులు లేంది ఇప్పుడెందుకు?"

పలకల గురించి చెప్పొచ్చు. ఉప్పు గురించి, పడమటి గాలి గురించి గోపాల్ చెప్పినదంతా చెప్పొచ్చు. ఐలేశం నోటికి అదేదీ రాలేదు.

"మీ వదిన చెయ్యి నిన్న మల్ల ఆగింది," అన్నాడు.

ఆ కొసన పడుగు ఒక్కసారి కిందికి జారింది. పోగులన్నీ వదులై వీధి మధ్యలో వేలాడాయి. మళ్లీ బిగుసుకున్నాయి. వెంకన్న అరుగు మీది వదిన వైపు ఒకసారి చూసి, చూపు పోగుల మీదికి తెచ్చుకున్నాడు.

"సక్కగ పట్టుండ్రి," అంది గుర్వమ్మ. "తొమ్మిదేండ్లకు మాట్లాడబుద్ధయితే నా చేతులల్లనే పోగులు తెంపుతరా?"

పని అయ్యాక వెంకన్న చేతులు దులుపుకొని డ్యూటీకి పోయాడు.

సాయంత్రం ఐలేశం తన తండ్రి వాడిన సుత్తె తీసుకొని పడమటి కిటికీ దగ్గర కూర్చున్నాడు. అటువైపు నుంచి అవుననీ రాలేదు, కాదనీ రాలేదు. డబ్బా జరిపినా జరపకపోయినా తాను తెరుస్తానన్నాడు కాబట్టి తెరవాలి. మేకులు తుప్పు పట్టి చట్రంలో కలిసిపోయాయి. ఒక్కొక్కటి కిర్రుమంటూ వచ్చేసరికి చేతులు ఎర్రబడ్డాయి. చివరి మేకు తీసి, రెక్కల మీద రెండు చేతులూ ఆనించి బయటికి తోశాడు. రాలేదు. భుజం పెట్టి తోశాడు. కదల్లేదు. ఎక్కడైనా మేకు మిగిలిందేమోనని వేళ్లతో తడిమి చూశాడు. ఒక్కటీ లేదు.

కాసేపటికి అర్థమైంది. అవతలి నుంచి కూడా కొట్టి ఉంది.

ఐలేశం నేల మీద కూర్చుండిపోయాడు. తొమ్మిదేళ్లు ఆ కిటికీని తానొక్కడే మూశానని అనుకుంటున్నాడు. ఆ తృప్తి కూడా సగం తమ్ముడిదేనన్నమాట. ముక్కుతో నవ్వాడు. శ్యామలమ్మ వచ్చి చూసి, సంగతి తెలుసుకొని, దారం చుట్టే కండె పుల్లతో కిటికీ రెక్క మీద టకటకా కొట్టింది. అన్నం తిననన్న బెదిరింపు గురించి ఆమె అడగలేదు, అతనూ గుర్తుచేయలేదు.

"ఎవలది?" అవతలి నుంచి నర్సింగమ్మ గొంతు.

"నేనే చెల్లె. శ్యామలను."

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "ఆయన ఇప్పుడే వచ్చిండు అక్కా. కాళ్లు కడుక్కుంటున్నడు. మేకులు పీకెతందుకు మా ఇంట్ల సుత్తె లేదు. సుత్తె బావ దిక్కే వచ్చె గద పంపకంల."

శ్యామలమ్మ చెయ్యి చాపింది. ఐలేశం సుత్తె ఇచ్చాడు. ఆమె వీధి చుట్టూ తిరిగి, చాలా కాలం తర్వాత ఆ వాకిట్లోకి పోయింది. షెడ్డులో కూర్చున్న ఐలేశానికి గోడ అవతల సుత్తె చప్పుడు వినబడింది. మేకు పీకడం తెలియనివాడి చప్పుడు. సగం దెబ్బలు చెక్క మీదే పడుతున్నాయి. ఓపిక పట్టలేక, పక్కకు వంచి లాగు అని గోడకు చెప్పాడు. చప్పుడు ఆగి, ఈసారి కిర్రుమంది.

రెక్కలు బయటికి తెరుచుకున్నాయి. అవతల వెంకన్న నిలబడి ఉన్నాడు, అరచేతిలో మేకులతో. అన్నీ వంకర్లు తిరిగిన మేకులు, తలలు చితికిపోయి ఉన్నాయి. వాటికి గోడకు వేసిన ఆకుపచ్చ రంగు అంటుకొని ఉంది.

"దేంతోని కొట్టినవురా గివి?" అన్నాడు ఐలేశం.

"రాయితోని," అన్నాడు వెంకన్న.

"చదువుకున్నోని మేకులు."

వెంకన్న ఆ మేకులను కిటికీ గట్టు మీద పెట్టాడు. ఏసీ మెకానిక్ ఆదివారం వస్తాడని, డబ్బా అప్పటిదాకా జరగదని, ఈ నాలుగు రాత్రులు ఏసీ బంద్ పెట్టి డాబా మీద పడుకుంటామని చెప్పాడు. వెనక నుంచి నర్సింగమ్మ, మీకు గాలి, మాకు దోమలు అంది. అంటూనే పోయి ఒక చీర తెచ్చి, తన వాకిలి ఇటువైపు కనబడకుండా కిటికీకి అడ్డంగా కట్టింది. గోపాల్ ఇచ్చిపోయిన జాలీ ముక్క ఒకటి మిగిలి ఉంటే ఐలేశం ఈ పక్క బిగించాడు.

మర్నాడు ఐలేశం పొద్దు పొడవకముందే లేచి షెడ్డులోకి పోయాడు. కిటికీకి కట్టిన చీర గాలికి వెనక్కి తగ్గి, మళ్లీ వచ్చి జాలీకి ఆనుకుంటోంది. స్టూలెక్కి మగ్గం పైనున్న పలకను వేళ్లతో నొక్కాడు. రాయిలా ఉంది. పక్కది నొక్కాడు. మూలనున్నవి నొక్కాడు. ఒకటి విప్పి, గోపాల్ ఊపినట్టు చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. ఎండ రాగానే కిటికీలు మూశాడు, ఈసారి మేకులు లేకుండా.

మధ్యాహ్నం రేకులు టక్కుటక్కుమంటున్నాయి. తువ్వాల మగ్గం కర్ర మీద పొడిగా వేలాడుతోంది. ఐలేశం నేస్తూ నేస్తూ ఆగి, ఆసు వైపు చూసి, మళ్లీ నేస్తున్నాడు. అలా ఎన్నోసారికో శ్యామలమ్మ, ఏందయ్యా గట్ల చూస్తవు అంది. చూడలేదన్నాడు.

సాయంత్రం కిటికీ తెరిచినప్పుడు గానీ ఆ చీరను అతను సరిగ్గా చూడలేదు. వెలుతురులో చూసి ముఖం చిట్లించాడు. మిల్లు చీర. దాని మీద పోచంపల్లి డిజైన్ అచ్చేసి ఉంది, ఎక్కడో సూరత్‌లో, గంటకు ఎన్ని వందల గజాలో. నేతగాని ఇంటి కిటికీకి, నేతగాని తమ్ముని పెండ్లం కట్టిన గుడ్డ. అటు తిరిగి కూర్చున్నా అది కళ్లలో పడుతూనే ఉంది.

"మగ్గం మీద పాత పడుగు కొస మిగుల్తది," అన్నాడు చివరికి. "రెండు గజాల గుడ్డ వస్తది. పోసిన పేక ఏమన్న ఉందా నీ కాడ?"

"ఎందుకు?"

"గా మిల్లు గుడ్డ తీసెయ్యుమను నీ చెల్లెను. రోజు చూడలేక సస్త."

శ్యామలమ్మ నవ్వింది. చెయ్యి మాత్రం ఆపలేదు.